లెక్కల మనిషి, మాయల దర్శకుడు - మన తాడిపత్రి కె.వి.రెడ్డి

తాడిపత్రి: ఈ నెల 15వ తేదీ దర్శకుడు కె.వి.రెడ్డి వర్ధంతి. ఆయన కన్నుమూసి యాభై ఏళ్లు దాటిపోయింది. మొన్న పనిమీద తాడిపత్రి వెళ్లిన ఈ విలేకరి బస్టాండు దగ్గర టీ తాగుతూ, పక్కన కూర్చున్న నలుగురు కుర్రాళ్లను మాయాబజార్ చూశారా అని అడిగాడు. నలుగురూ చూశామన్నారు. ఘటోత్కచుడు పెళ్లివంటలు తినే ఘట్టాన్ని ఒకడు చేతులు తిప్పుతూ చేసి చూపించాడు కూడా. మరి దాన్ని తీసిందెవరంటే ఒకడు ఎన్టీఆర్ అన్నాడు, ఇంకొకడు నాగిరెడ్డి అన్నాడు. మీ ఊరివాడే నాయనా అంటే నమ్మలేదు. ఫోనులో వెతికి చూసుకున్నాక గానీ ఒప్పుకోలేదు.

వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వేషం వేసినవాడి ముఖం గుర్తుంటుంది. కెమెరా వెనుక గడియారం పట్టుకుని నిలబడినవాడు ఎవరికి గుర్తుంటాడు? అందుకే ఆయన జీవితం గురించి తెలిసినంతలో నాలుగు మాటలు రాయాలనిపించింది. ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. నేను పాత సినిమాల పిచ్చివాణ్ని. అందులోనూ కె.వి.రెడ్డి పక్షపాతిని. జరిగిన సంగతులు జరిగినట్టే రాస్తాను గానీ, ఏ సినిమా గొప్పది, ఏది కాదు అన్న తీర్పులు మాత్రం నా సొంతం. పాఠకులు ఒప్పుకోవలసిన పని లేదు.

కె.వి.రెడ్డి పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. 1912 జూలై 1న తాడిపత్రిలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని మేనమామల అండన పెరిగారు. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి, ఊరి నడుమ చింతల వెంకటరమణస్వామి గుడి, వాటి గోడలమీద రాతిబొమ్మల్లో చెక్కిన పురాణ కథలు - ఇవి చూస్తూ పెరిగినవాడు తర్వాత పౌరాణిక చిత్రాలు తీశాడంటే అది ఊరి ప్రభావమేనని నాకనిపిస్తుంది. ఆయన మాత్రం ఆ మాట ఎక్కడైనా చెప్పినట్టు నేను చదవలేదు. కనుక ఇది నా ఊహ కిందనే లెక్క.

తాడిపత్రి బొంబాయి-మద్రాసు రైలుమార్గంలో ఉన్న ఊరు. మన జిల్లాలో చదువుకోవాలన్నా, వ్యాపారం చేయాలన్నా ఆ రోజుల్లో మద్రాసే దిక్కు. వెంకటరెడ్డి ఆ రైలెక్కి వెళ్లి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి విజ్ఞానశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ చదువుకు సర్కారు ఉద్యోగం దొరకకపోదు. ఆయన సినిమాల వైపు వెళ్లారు. వెళ్లింది కూడా దర్శకుడిగా కాదు, నటుడిగా అంతకంటె కాదు. 1938లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో రోహిణి సంస్థ గృహలక్ష్మి తీసినప్పుడు ఈయన పని డబ్బు లెక్కలు చూసే క్యాషియరు.

క్యాషియరు చూసిన సినిమా

ఈ క్యాషియరు పని దగ్గర కాస్త ఆగాలి. కె.వి.రెడ్డి గురించి రాసేవారు చాలామంది దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా మటుకు ఆయన కథంతా ఇక్కడే ఉంది.

మన జిల్లాకు పక్కనే ఉన్న పులివెందుల ప్రాంతంవాడు బి.ఎన్.రెడ్డి. ఆయన వాహినీ సంస్థను స్థాపించినప్పుడు పెట్టుబడికి అండగా నిలిచింది తాడిపత్రి వాస్తవ్యుడు, వ్యాపారస్తుడు మూలా నారాయణస్వామి. ఆయన వెంకటరెడ్డికి చిన్ననాటి స్నేహితుడు. ఆ విధంగా వెంకటరెడ్డి వాహినిలో ప్రొడక్షన్ మేనేజరు అయ్యారు. వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) - ఈ మూడు చిత్రాలకూ ఆయన పని అదే. మేనేజరు అంటే పెద్ద పేరుగా వినిపిస్తుంది గానీ, చేసేది ఊళ్లో పెళ్లి పెత్తనం లాంటి పని. భోజనాలు వేళకు అందాలి, వడ్రంగులకు కూలి ముట్టాలి, అద్దె బండి రావాలి, అన్నిటికంటె ముఖ్యం ముడిఫిల్ము దండగ కాకుండా చూడాలి. వేషగాడు ఒక మాట తడబడితే ఎంత ఫిల్ము పోయింది, దర్శకుడు మనసు మార్చుకుంటే ఎన్ని రూపాయలు పోయాయి అన్నది దగ్గరుండి చూసే అవకాశం మేనేజరుకే ఉంటుంది.

పైగా అది యుద్ధకాలం. ముడిఫిల్ము విదేశాల నుంచి రావాలి. అది కరవై చివరకు ఏ చిత్రమూ 11,000 అడుగులకు మించరాదని సర్కారు ఆంక్ష పెట్టే దాకా వచ్చింది. అటువంటి రోజుల్లో లెక్క తెలిసిన మేనేజరు చేతికి దర్శకత్వం వచ్చింది.

ఆ చిత్రం భక్త పోతన. జపాను బాంబుల భయంతో మద్రాసు సగం ఖాళీ అయిన 1942వ సంవత్సరంలో దాన్ని తీశారు. పోతనగా చిత్తూరు నాగయ్య, శ్రీనాథుడిగా జంధ్యాల గౌరీనాథశాస్త్రి నటించారు. బొత్తిగా అనుభవం లేని కొత్త దర్శకుడి మీద అంత సొమ్ము పెట్టడం అప్పట్లో సాహసమే. చిత్రం ఘనవిజయం సాధించింది. మా అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు బండి కట్టుకుని వెళ్లి చూశారట. నాగయ్యను చూసి, పోతన ఆయనేననుకుని తెరకు దండం పెట్టినవారి గురించి ఆమె చివరిదాకా చెప్పేది.

తర్వాత అయిదేళ్లకు యోగి వేమన (1947). మన జిల్లావారికి ఈ చిత్రంతో ఉన్న బంధం వేరు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరికి దగ్గర. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, అంతకుముందు మన జిల్లానే. దర్శకుడి ఇంటిపేరు కదిరి, కథానాయకుడి సమాధి కదిరి పక్కన. ఈ సంగతిని ఎవరూ రాయగా నేను చూడలేదు. పోతన అంత డబ్బు వేమన తేలేదు. భోగలాలసుడైన వేమన వైరాగ్యంలో పడే ఘట్టంలో నాగయ్య నటన చూసినవారికి మాత్రం మరపు రాదు. కె.వి.రెడ్డి తీసిన వాటిలో జనం తక్కువ చూసి, ఎక్కువ చూడవలసిన చిత్రం ఇదేనని నేనంటాను.

అక్కడినుంచి ఆయన భక్తిమార్గం వదిలి జానపదం పట్టారు. గుణసుందరి కథ (1949) షేక్స్పియర్ లియర్ రాజు కథను తెచ్చి అవ్వ చెప్పే రాజు-ముగ్గురు కూతుళ్ల కథలో కలిపిన చిత్రం. చదువుకున్నవాడికి లియర్ కనిపిస్తాడు, చదువు లేనివాడికి పేదరాసి పెద్దమ్మ కనిపిస్తుంది. హాస్యనటుడు కస్తూరి శివరావును కథానాయకుణ్ని చేసి చిత్రాన్ని గెలిపించడం మరో విశేషం. రచయిత పింగళి నాగేంద్రరావు ఆయనకు తోడు దొరికింది కూడా ఈ చిత్రంతోనే.

సెకనుకు అడుగున్నర

కె.వి.రెడ్డి పని పద్ధతి గురించి సినిమావాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారు. దాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం గుణకారం కావాలి. సినిమా ఫిల్ములో ఒక్కొక్క అడుగుకు 16 బొమ్మలుంటాయి. తెరమీద సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. అంటే సెకనుకు అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల సినిమా అంటే 16,200 అడుగులన్నమాట. ఈ లెక్క నాకు చెప్పింది మా ఊరి డేరా టాకీసులో ఒకప్పుడు మిషను తిప్పిన పెద్దాయన. ఆయన ఇప్పటికీ కాలాన్ని నిమిషాల్లో కాకుండా రీళ్లలో చెబుతాడు. బస్సు రావడానికి ఇంకా రెండు రీళ్లు ఉందంటాడు.

కె.వి.రెడ్డి ఈ లెక్కను షూటింగుకు ముందే కట్టేవారు. కథ, మాటలు పూర్తిగా తయారై ఆయన సరేనన్నాక అందులో ఒక్క మాట మార్చేందుకు వీల్లేదు. నటుడు ఎంత పెద్దవాడైనా సరే. ఆ మాటలన్నీ నటులు పలికే వేగంలో చదివించి, స్టాపువాచీ పట్టుకుని, ఏ షాటు ఎన్ని సెకన్లు, ఎన్ని అడుగులు అని కాగితం మీద వేసుకునేవారు. సెట్టుమీద కూడా ఆ వాచీ చేతిలోనే ఉండేది. అనుకున్న సమయం కంటె నటుడు ఎక్కువ తీసుకుంటే, నటన ఎంత బాగున్నా మళ్లీ తీయవలసిందే. చివరకు చిత్రం పూర్తయ్యేసరికి కాగితంమీది అడుగులకూ, డబ్బాలోని అడుగులకూ పెద్ద తేడా ఉండేది కాదట. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసి, తర్వాత పుష్పక విమానం (1987), ఆదిత్య 369 (1991) తీసిన సింగీతం శ్రీనివాసరావు ఈ క్రమశిక్షణ గురించి ఎన్నోసార్లు చెప్పారు.

గడియారం పెట్టి తీస్తే అది కళ ఎలా అవుతుందని కొందరు వాదిస్తారు. మా ఊరి గ్రంథాలయంలో ఈ విషయం మీద నాకూ ఒక మాస్టారికీ రెండేళ్లుగా తగవు నడుస్తోంది. నా జవాబు ఒక్కటే. ఆయన చిత్రాల్లో ఎవరూ తొందరపడుతున్నట్టు కనిపించరు. మూడు గంటల సినిమాలో ఎక్కడ లేచి బయటికి పోవాలో తెలియక కూర్చునే ఉంటాం. మేస్త్రీ తాడు వేసి కట్టిన గోడ వంకర లేకుండా ఉంటుంది గానీ, ఆ తాడు మనకు కనిపించదు. ఇదీ అంతే.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ కోసం తీసిన పాతాళభైరవి (1951) ఈ పద్ధతికి మొదటి పెద్ద విజయం. కాశీమజిలీ కథల ఛాయలో పింగళి అల్లిన కథ అది. తోటరాముడి వేషానికి ఎవరిని పెట్టాలా అని ఆలోచిస్తున్నప్పుడు, టెన్నిస్ ఆడుతూ బంతి తప్పిపోతే కోపం పట్టలేక బలంగా బాదిన రామారావును చూసి, సాహసం చేసే తోటరాముడు ఇతడేనని నిశ్చయించుకున్నారని చెబుతారు. నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ గడ్డం, ఆ గొంతు, ఆ వంగి చూసే చూపు మూడు తరాల పిల్లలను భయపెట్టాయి. 1952లో మన దేశంలో మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

మాయలు మంత్రాలు మాత్రమే తీయగలడని అనుకునేవారికి ఆయన జవాబు వాహినీ వారి పెద్దమనుషులు (1954). ఇబ్సెన్ నాటకం ఆధారంగా డి.వి.నరసరాజు రాసిన చిత్రమిది. ఊరికి ఛైర్మన్, ధర్మదాత, పదిమందిలో మర్యాదస్తుడు. లోపల చేసేదంతా మోసం. నిజం చెప్పేవాడు ఊరంతటికీ ఒక్కడే, ఆ ఒక్కణ్నీ ఊరు పిచ్చివాడంటుంది. ఆ తిక్క శంకరయ్య వేషంలో రేలంగిని చూసి నవ్వినవాడు ఇంటికి వెళ్లాక ఆలోచనలో పడతాడు. పోతనలో శ్రీనాథుడైన గౌరీనాథశాస్త్రే ఇందులో ఛైర్మన్. ఈ చిత్రానికి రాష్ట్రపతి రజతపతకం వచ్చింది. ఈ విలేకరికి వృత్తిరీత్యా ఎన్నో సభలకు, సన్మానాలకు వెళ్లక తప్పదు. వేదికమీద దండలు పడుతున్నప్పుడల్లా నాకు ఈ సినిమా గుర్తొస్తుంది. అంతకంటె వివరంగా రాయలేను, రేపు మళ్లీ అదే సభకు వెళ్లాలి.

ఆ తర్వాతి ఏడాది దొంగరాముడు (1955). అక్కినేని, దుక్కిపాటి మధుసూదనరావులు అన్నపూర్ణ సంస్థ పెట్టి, తమ మొదటి చిత్రం కె.వి.రెడ్డే తీయాలని పట్టుబట్టి, ఆయన తీరిక చేసుకునే దాకా కొన్నేళ్లు కాచుకుని కూర్చున్నారు. ఒక దర్శకుడి కోసం నిర్మాత అలా ఎదురుచూడటం ఆ రోజుల్లో ఆయన విలువ ఎంతో చెబుతుంది. పదమూడేళ్ల తర్వాత అదే మనిషి పని కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పాండవులు లేని భారత కథ

ఇక మాయాబజార్. 1957 మార్చి 27న విడుదలైంది. తెలుగు, తమిళ భాషల్లో తీశారు. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడి వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశారు. శశిరేఖ మాత్రం రెండింటిలోనూ సావిత్రే.

ఈ చిత్రం తేలికగా తయారు కాలేదు. ఖర్చు అంచనాలు పెరిగిపోవడంతో మధ్యలో పని ఆగి, తర్వాత మళ్లీ మొదలైంది. కృష్ణుడి వేషానికి రామారావు మొదట వెనుకాడారు. అంతకుముందు ఒక చిత్రంలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదు. కె.వి.రెడ్డి ధైర్యం చెప్పి, కిరీటం, ఆభరణాలు, నడక, చిరునవ్వు అన్నీ కొత్తగా తీర్చి ఒప్పించారు. ఆ తర్వాత తెలుగు ఇళ్లలో కృష్ణుడి పటం చూస్తే రామారావు ముఖం గుర్తురావడం మొదలైంది. ఒక్కరి పట్టుదల ఎంత దూరం పోయిందో చూడండి.

భారత కథలో పాండవులు తెరమీద కనిపించకపోవడం ఈ చిత్రంలో పెద్ద విశేషం. చూస్తున్నంతసేపూ మనకు ఆ లోటు తెలియదు. ఇది నాకు పదోసారో పదకొండోసారో చూసినప్పుడు గానీ తట్టలేదు. ఉన్నదల్లా ఒక పెళ్లి గొడవ. మాట ఇచ్చి తప్పే పెద్దలు, ఆస్తి పోయిన బంధువుల్ని చులకన చేసే అత్తగారు, చాడీలు చెప్పే మేనమామ, విడిదింట్లో వంకలు పెట్టే మగపెళ్లివారు. ద్వారక అన్నారు గానీ, అది మన జిల్లాలో ఏ ఊళ్లోనైనా జరిగే పెళ్లే. అందుకే గోంగూర కూడా అక్కడికి వచ్చింది. పింగళి పుట్టించిన అసమదీయులు, తసమదీయులు వంటి మాటలు నేటికీ జనం నోట్లో ఆడుతున్నాయి.

మాయల సంగతి చూద్దాం. ద్వారకా నగరాన్ని పైనుంచి చూపడానికి 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న చోట సుమారు 300 చిట్టి ఇళ్లు కట్టి తీశారు. కళ గోఖలే, కళాధర్‌లది. కెమెరా మార్కస్ బార్‌ట్లేది. పడవ పాటలో నీళ్లమీద కదిలే వెన్నెల చాలావరకు బార్‌ట్లే దీపాలతో సృష్టించినదే. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వచ్చే చోట ఒక్కొక్క బొమ్మనూ ఆపి ఆపి తీసి అతికించారు. కంప్యూటర్లు లేని కాలంలో ఇది ఒక్కటే దారి. ఎన్ని బొమ్మలు తీస్తే లడ్డూ నోటికి చేరుతుందో ముందే లెక్క తెలిసినవాడికే ఇది సాధ్యం. క్యాషియరు పని దగ్గర ఆగాలని మొదట్లో అన్నది ఇందుకే.

మాయల కంటె నాకు నచ్చేది మాయాశశిరేఖ. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లిపీటలమీద కూర్చుని, లక్ష్మణకుమారుడు రేలంగి కాలు తొక్కి, చేయి నలిపి ఏడిపిస్తాడు. ముఖం ఆడపిల్లది, చూపు రాక్షసుడిది. సావిత్రి ఆ క్షణంలో రంగారావును తనలోకి దించుకున్నారు. ఏ కెమెరా జిమ్మిక్కూ అక్కడ లేదు. మాయాబజార్‌లో అన్నిటికంటె పెద్ద మాయ అదేనని నా అభిప్రాయం.

ప్రియదర్శిని పేటిక గురించి కూడా చెప్పాలి. మూత తీస్తే ఎవరికి ఇష్టమైనది వారికి కనిపించే పెట్టె. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, కృష్ణుడికి శకుని కనిపిస్తాడు. నేను మొదటిసారి మాయాబజార్ చూసింది పంచాయతీ ఆఫీసు అరుగుమీద పెట్టిన దూరదర్శన్ టీవీలో, అదీ బ్లాక్ అండ్ వైటు సెట్టులో. వారానికొక తెలుగు సినిమా వచ్చే రోజులు. ఊరంతా ఆ చిన్న పెట్టె ముందు కూర్చుని, ఆ పెట్టెలో ఇంకొక పెట్టెను చూశాం. అది టీవీ లాగానే ఉందే అని ఎవరో అంటే అందరూ నవ్వారు. చిత్రం విడుదలైన రెండేళ్లకు, 1959లో ఢిల్లీలో టీవీ మొదలైంది. మొదలైన తేదీ సెప్టెంబరు 15. కె.వి.రెడ్డి పోయింది కూడా అదే తేదీన, పదమూడేళ్ల తర్వాత. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1977లో గనుక, తన సినిమాలు అరుగులమీదికి, ఆ తర్వాత నడిమింట్లోకి వచ్చిన కాలం ఆయన చూడలేదు.

చూడకపోవడమే మేలయిందేమో. ఇప్పుడు ఛానళ్లలో మాయాబజార్ వస్తే పది నిమిషాలకొకసారి సబ్బుల ప్రకటన వచ్చి పడుతుంది. టైము సరిపోక ఒక్కోసారి పద్యాలు ఎగిరిపోతాయి. సెకనుకు అడుగున్నర లెక్కగట్టి కూర్చినదాన్ని ఇట్లా తుంచితే ప్రాణం ఉసూరుమంటుంది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు కూడా నిడివి కొంత తగ్గింది. ఆ రంగుల ప్రతిని మా పిల్లలు ఇష్టంగా చూస్తారు, కాదనను. కానీ బార్‌ట్లే వెన్నెల నలుపు తెలుపుల్లో తీసిన వెన్నెల. దానికి నీలం పూస్తే పెళ్లి పందిట్లో రంగు బల్బుల వెలుతురులా ఉంది.

చేతిలో వాచీ, చేయడానికి పని లేదు

మాయాబజార్ తర్వాత కూడా విజయాలున్నాయి. సొంత సంస్థ జయంతి పేరిట పెళ్లినాటి ప్రమాణాలు (1958), శ్రీకృష్ణార్జునయుద్ధము (1963) తీశారు. విజయా వారికి జగదేకవీరుని కథ (1961) తీశారు. అందులో ఒకే తెరమీద నలుగురైదుగురు రామారావులు ఒకరు పాడుతూ, ఒకరు వీణ, ఒకరు మృదంగం వాయిస్తూ కనిపించే పాట చూసి, అదెలా చేశారని మా నాయన సైకిలుమీద ఇంటికి వచ్చేదాకా స్నేహితులతో వాదించాడట.

అంతలో కాలం మారింది. 1963లో లవకుశ పూర్తి నిడివి రంగుల్లో వచ్చి, జనం కంటికి కొత్త రుచి చూపింది. 1965లో కె.వి.రెడ్డి విజయా వారికే సత్య హరిశ్చంద్ర తీశారు. రామారావు, ఎస్.వరలక్ష్మి ఉన్నారు. చిత్రం నిలబడలేదు. అభిమానిగా ఈ మాట రాయడం కష్టంగానే ఉంది గానీ, ఆ చిత్రంలో మునుపటి జీవం లేదు. హరిశ్చంద్ర కథను మన ఊళ్లలో రాత్రంతా పద్యనాటకంగా చూసిన జనానికి కాటిసీను ఎలా ఉండాలో ఒక పట్టు ఉంది. దానికి గడియారం పనికిరాదు. వన్స్‌మోర్ అంటే నటుడు మళ్లీ పాడాలి. కె.వి.రెడ్డి లెక్కలో వన్స్‌మోర్‌కు చోటు లేదు.

పట్టు సడలించని స్వభావం అంతకుముందే ఒక చోట కనిపించింది. రామారావు రావణుడి వేషం వేయాలని ముచ్చటపడి, దర్శకత్వం వహించమని అడిగితే, కృష్ణుడిగా తాను తీర్చిదిద్దిన రూపాన్ని రావణుడిగా ఊహించలేనని కె.వి.రెడ్డి ఒప్పుకోలేదని చెబుతారు. రామారావు ఆ సీతారామకల్యాణం (1961) తానే తీసి, తెరమీద దర్శకుడి పేరు వేయకుండా విడుదల చేశారు. అది బ్రహ్మాండంగా ఆడింది. ఇక్కడ గురువుదే పొరపాటని నేను ఒప్పుకుంటాను. ఒకసారి సరే అనుకున్నాక ఒక్క మాట మార్చనివాడు, ఒకసారి కాదనుకున్నాక కూడా మార్చుకోలేకపోయాడు.

1968లో ఉమాచండీగౌరీశంకరుల కథ, భాగ్యచక్రం ఒకే ఏడాది వచ్చి, రెండూ దెబ్బతిన్నాయి. రెండోది సొంత సంస్థది కూడా. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. ఆయన కోసం కొన్నేళ్లు కాచుకుని కూర్చున్న పరిశ్రమ అదే. తాడిపత్రి నుంచి ఆయనకు అండగా ఉన్న మూలా నారాయణస్వామి 1950లోనే పోయారు. కథకుడు పింగళి 1971లో కన్నుమూశారు. స్టూడియోలు చేతులు మారాయి. నెలజీతం మీద నటులను పెట్టుకుని, ఏడాది కూర్చుని కథ చెక్కే పద్ధతి పోయి, హీరో తేదీలు దొరికితే అప్పటికప్పుడు కథ అల్లే రోజులు వచ్చాయి. అందులో కాగితంమీద అడుగులు వేసుకునే మనిషికి ఏం పని?

చివరకు పిలిచింది రామారావే. తన కుటుంబ సంస్థలో శ్రీకృష్ణసత్య చిత్రాన్ని గురువు చేతికి అప్పగించారు. 1971లో అది విడుదలైంది. రామారావు కృష్ణుడు, జయలలిత సత్యభామ. మాయాబజార్‌తో పోల్చదగింది కాదు. కానీ మూడేళ్లు ఖాళీగా కూర్చున్న మనిషిని మళ్లీ సెట్టుమీద నిలబెట్టిన చిత్రం గనుక దాన్ని నేను చిన్నచూపు చూడలేను. శిష్యుడు చెల్లించిన గురుదక్షిణ అని అప్పట్లో అందరూ అనుకున్నారట.

అదే ఆయన చివరి చిత్రం. 1972 సెప్టెంబరు 15న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి వయసు అరవై. ముప్పై ఏళ్ల దర్శకత్వంలో తీసిన చిత్రాలు పద్నాలుగే.

టీ అంగడి దగ్గర కుర్రాళ్లకు ఇదంతా చెప్పడానికి సమయం లేకపోయింది. వాళ్లలో ఒకడు మాత్రం, మాయాబజార్ కాకుండా ఆయనది ఇంకేదైనా చూడాలంటే ఏది చూడమంటావన్నా అని అడిగాడు. పాతాళభైరవి అని చెప్పబోయి, పెద్దమనుషులు చూడు అన్నాను. అక్కడే ఫోనులో వెతికి పెట్టుకున్నాడు. ఎంతసేపు ఉంటుందని అడిగాడు. ఎంతసేపున్నా అనుకున్నదానికంటె ఒక్క అడుగు కూడా ఎక్కువుండదని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. ఇంతలో అనంతపురం బస్సు వచ్చింది.